గాంబాలో వయోలిన్ గొంతు: బరోక్ సంగీతం వినేవారికి సమగ్ర మార్గదర్శి

వయోలా ద గాంబా మొదటిసారి విన్నవాళ్ళు ఎక్కువగా అడిగేది ఒకటే: "ఇది చెల్లో కదా?" నేనూ అలాగే అనుకున్నాను. కాళ్ళ మధ్య నిలబెట్టుకుని బో(కమాను)తో వాయించే పెద్ద వాయిద్యం, గొంతు కూడా మంద్రంలోనే ఉంటుంది. ఆ పొరపాటు పోవడానికి నాకు కొన్ని వారాలు పట్టింది. అది పోయాక ఇంకో విషయం చెవిలో తొలవడం మొదలైంది. 1690ల తర్వాత వచ్చిన గాంబా సంగీతంలో, అది పారిస్‌లో రాసినదైనా జర్మనీలో రాసినదైనా, ఉన్నట్టుండి మరో వాయిద్యం మాట్లాడుతున్నట్టు ఉంటుంది. ఒకే చిన్న పలుకును ఒక్కో స్వరం దించుకుంటూ మళ్ళీ మళ్ళీ అనడం, తీగల మీద అటూ ఇటూ దూకడం, ఊపిరి తీసుకోకుండా పరుగెత్తడం కనిపిస్తాయి. ఆ మాట ఇటలీ వయోలిన్‌ది.

సంగీత చరిత్రల్లో దీన్ని "ఇటాలియన్ ప్రభావం" అని ఒక్క ముక్కలో తేల్చేస్తారు. వినేవాడికి అది సరిపోదు. ఆ ప్రభావం ఏ రచనలో, ఏ చోట, ఏ చేతిలో ఉందో తెలిస్తేనే ఆనందం. నాకు అర్థమైనంతలో దాని గుట్టంతా బో పట్టిన కుడి చేతిలో ఉంది. గాంబా విద్వాంసులు వయోలిన్ స్వరాలను ఆశగా తీసుకున్నారు, కానీ వాటిని తమ బో బరువుతోనే పలికించారు. ఆ తేడా మీ చెవికి పట్టేలా చేయడమే ఈ మార్గదర్శి పని. వారానికి ఒక అడుగు చొప్పున వెళ్తే సుమారు రెండు నెలలు పడుతుంది. పాశ్చాత్య సంగీతం చదవడం, రాయడం రాకపోయినా ఫరవాలేదు. సరిగమలు తెలిస్తే చాలు.

మొదలుపెట్టే ముందు

ఫోన్ స్పీకర్‌లో గాంబా వినకండి. కింది తీగల నాదం అందులో దాదాపు మాయమైపోతుంది, మనం పట్టుకోవాల్సిన సగం విషయం అక్కడే ఉంది. మామూలు ఇయర్‌ఫోన్స్ అయినా సరే. ఒక నోట్‌బుక్ పక్కన పెట్టుకోండి. విన్న రచన పేరు, వాయించినవారి పేరు, మీకు వయోలిన్‌లా అనిపించిన చోటు (ఎన్నో నిమిషం, ఎన్నో సెకను) రాసుకుంటూ వెళ్ళండి. ఇందులో చెప్పిన రచనలన్నిటికీ యూట్యూబ్‌లో మంచి రికార్డింగులు ఉన్నాయి. జోర్డి సవాల్, వీలాండ్ కౌకెన్, పావొలో పాండోల్ఫో, హిల్లె పెర్ల్ పేర్లతో వెతికితే మొదటి నెలకు సరిపడా దొరుకుతుంది.

శ్రుతి పెట్టెతో కలిపి వినే అలవాటు ఉన్నవాళ్ళకు ఒక హెచ్చరిక. బరోక్ (సుమారు 1600–1750 నాటి యూరప్ సంగీతం) రికార్డింగుల్లో శ్రుతి ఇప్పటి కన్నా తక్కువ. ఇప్పుడు "ఎ" స్వరం 440 హెర్ట్జ్. బరోక్ వాళ్ళు ఎక్కువగా 415 పెట్టుకుంటారు, ఫ్రెంచ్ రచనలకు 392 దాకా దిగుతారు. అంటే "డి" ఆధారంగా ఉన్న రచన కాగితం ప్రకారం మన రెండు శ్రుతి అయినా, 415లో ఒకటిన్నరకు, 392లో ఒకటికి వస్తుంది. యాప్‌లో రెండు పెట్టి కలవడం లేదని కంగారు పడకండి.

మొదటి అడుగు: గాంబాను గాంబాగా గుర్తుపట్టడం

గాంబాకు ఆరు తీగలు. ఫ్రాన్స్‌లో పదిహేడో శతాబ్దంలో కింద ఏడోది చేరింది. ఆ ఘనత సెంట్ కొలొంబ్ అనే విద్వాంసుడిదని 1687లో జాన్ రూసో తన గాంబా గ్రంథంలో రాశాడు. కింది "డి"ని స అనుకుంటే ఆరు తీగల శ్రుతి ఇలా ఉంటుంది: స మ ని రి ప స (ఇందులో ని కైశికి, రి చతుశ్రుతి). పక్కపక్క తీగల మధ్య మధ్యమమంత దూరం, నడుమ ఒక్కచోట మాత్రం గాంధారమంత దూరం. వయోలిన్‌లో పాశ్చాత్య పద్ధతిలో అన్ని తీగల మధ్యా పంచమం దూరం. ఇది చిన్న తేడా కాదు. గాంబాలో తీగలు దగ్గరదగ్గరగా ఉన్నందుకే ఐదారు స్వరాలను కలిపి ఒక్క ఊపులో మీటినట్టు పలికించడం దానికి సహజం. వయోలిన్‌కు పెద్ద దూకుళ్ళు సహజం.

గాంబాకు వీణలాగే మెట్లున్నాయి. వీణ మెట్లు మైనంలో బిగించి ఉంటాయి. గాంబావి గొర్రె పేగుతో చేసిన తీగను మెడ చుట్టూ చుట్టి ముడివేసినవి, మామూలుగా ఏడు. కావాలంటే కొద్దిగా జరుపుకోవచ్చు. వేలు మెట్టు వెనకే నొక్కుతుంది కాబట్టి ప్రతి స్వరమూ ఖాళీ తీగ మోగినంత తేటగా, చివర్లో కాస్త గాలిలో తేలుతూ ఆగుతుంది. చెల్లోలో ఈ తేలడం ఉండదు.

ఇక బో. వయోలిన్ బోను అరచేయి కిందికి ఉండేలా పట్టుకుంటారు. గాంబా బోను అరచేయి పైకి ఉండేలా పట్టుకుంటారు, నడిమి వేలు బో వెంట్రుకలను తాకుతూ వాటి బిగువును అప్పటికప్పుడు మారుస్తుంటుంది. అందువల్ల బరువు పడే దిక్కు తారుమారైంది. వయోలిన్‌లో బోను చేతి వైపు నుంచి కొన వైపు లాగితే బలమైన దెబ్బ. గాంబాలో కొన నుంచి చేతి వైపు తోస్తే బలమైన దెబ్బ. తాళంలో సమం మీద వయోలిన్ లాగుతుంది, గాంబా తోస్తుంది.

దీన్ని చూసి తెలుసుకోవాలి. ఏదైనా గాంబా వీడియో పెట్టి, శబ్దం పూర్తిగా తీసేసి, ఐదు నిమిషాలు కుడి చేయి మాత్రమే చూడండి. తర్వాత శబ్దం పెట్టి కళ్ళు మూసుకోండి. తోసినప్పుడు స్వరం ఎలా మొదలవుతుందో, ముందు మెల్లగా పుట్టి తర్వాత ఎలా ఉబ్బుతుందో వినబడుతుంది. ఫ్రెంచ్ గాంబా విద్వాంసుడు మరెన్ మరే తన 1711 నాటి సంపుటిలో ఇలా ఉబ్బించాల్సిన స్వరాల మీద ఒక ప్రత్యేక గుర్తు కూడా పెట్టాడు.

ఈ వారానికి వినాల్సింది మరే రాసిన "లె వ్వా హ్యూమేన్", అంటే మనిషి గొంతులు. 1701 నాటి రెండో సంపుటిలోది. ఇందులో వయోలిన్ జాడ లేదు. చౌక కాలంలో, నిండు స్వరాల గుత్తులతో, గొంతు తగ్గించి మాట్లాడే ఫ్రెంచ్ గాంబా ఇది. రెండు వేళ్ళను దగ్గరగా ఆడించి స్వరాన్ని వణికించే గమకం ఒకటి వీళ్ళకు ఉంది, మన చెవికి అది వెంటనే అందుతుంది. ముందు దీన్ని మనసుకు పట్టించుకుంటేనే తర్వాత వచ్చే కొత్త గొంతు తెలుస్తుంది.

రెండో అడుగు: ఇటలీ వయోలిన్ మాట నేర్చుకోవడం

ఒక వారం గాంబాను పక్కన పెట్టి వయోలిన్ మాత్రమే వినండి. ఒక్క పుస్తకం చాలు: ఇటలీ వయోలిన్ విద్వాంసుడు ఆర్కాంజెలో కోరెల్లి ఐదో ఓపస్, అంటే అతను అచ్చువేసిన ఐదో సంపుటి. 1653లో పుట్టి జీవితంలో ఎక్కువ భాగం రోమ్‌లో గడిపిన కోరెల్లి, ఇందులోని 12 సొనాటాలను (కొన్ని భాగాలుగా సాగే వాయిద్య రచనలను) 1700 జనవరి 1న అచ్చు వేయించాడు. యూరప్ అంతా దీన్ని పాఠ్యపుస్తకంలా చదివింది. మొదటి ఆరు సొనాటాలు చర్చి పద్ధతిలో ఉంటాయి, తర్వాతి ఐదు నృత్యాల వరుసలు, పన్నెండోది ఫోలియా (దాని సంగతి మూడో అడుగులో).

మొదటి సొనాటాతో మొదలుపెట్టండి. నాలుగైదు స్వరాల గంభీరమైన మొదలు, వెంటనే వయోలిన్ ఒక్కసారిగా నాలుగు తీగల మీదా పరుగు, మళ్ళీ నిదానం. మూడు రకాల నడకలు ఒకే భాగంలో మారిపోతుంటాయి. దీన్ని మూడు నాలుగు సార్లు వింటూ ఈ కింది లక్షణాలు వెతకండి.

ఒకటి, మెట్లు దిగే పలుకు. ఒక చిన్న స్వరగుచ్ఛం చెప్పి, దాన్నే ఒక స్వరం కింద, మళ్ళీ ఇంకో స్వరం కింద చెబుతారు. మన అలంకారాల్లో సనిదప, నిదపమ, దపమగ అని దిగినట్టే. పాశ్చాత్యులు దీన్ని సీక్వెన్స్ అంటారు. కోరెల్లి సంగీతంలో ఇది పునాది రాయి.

రెండు, నడిచే బాస్, అంటే అడుగున సాగే మంద్ర స్వరాల వరుస. కింద చెల్లో, హార్ప్సికార్డ్ (తీగలు మీటే పాతకాలపు కీబోర్డ్) కలిసి సమానమైన అడుగులతో నడుస్తుంటాయి. వయోలిన్ ఎంత ఎగిరినా ఆ నడక తప్పదు.

మూడు, తీగ నుంచి తీగకు దూకే బో. ఎడమ చేయి దాదాపు కదలకుండా ఉంటే, బో మాత్రం కింది తీగ, పై తీగ, కింది తీగ అంటూ ఊగుతుంది. ఒక్క వాయిద్యంలో ఇద్దరు వాయిస్తున్నట్టు ఉంటుంది.

నాలుగోది మన వాళ్ళకు అన్నిటికన్నా తేలిగ్గా అర్థమయ్యేది. నిదానమైన భాగాల్లో కోరెల్లి కాగితం మీద రాసింది ఎముకల గూడు మాత్రమే. వాయించేవాడు దాని చుట్టూ సంగతులు అల్లాలి. 1710లో ఆమ్‌స్టర్‌డామ్ ప్రచురణకర్త ఎతియెన్ రోజే మొదటి ఆరు సొనాటాల నిదాన భాగాలకు అల్లికలు కూడా కలిపి అచ్చువేశాడు, కోరెల్లి ఇలాగే వాయించేవాడని చెబుతూ. ఒకే భాగాన్ని అల్లికలతో వాయించిన రికార్డింగు, సాదాగా వాయించినది పక్కపక్కన వినండి. రాసి ఉన్న కీర్తనకూ గురువు నోట వచ్చిన కీర్తనకూ తేడా ఎరిగిన మనకు ఇది ఇంటి విషయమే.

ఒక చిన్న మలుపు: అల్లికలు ముందు ఎవరివి?

ఇక్కడ ఆగి ఒక మాట చెప్పాలి, లేకపోతే కథ ఒకవైపే ఒరుగుతుంది. సంగతులు అల్లడం వయోలిన్ కనిపెట్టి గాంబాకు ఇచ్చిందేమీ కాదు. స్పెయిన్ దేశస్థుడు దియెగో ఓర్తిజ్ 1553లో రోమ్‌లో అచ్చువేసిన పుస్తకం, గాంబా మీద అల్లికలు ఎలా కట్టాలో నేర్పేదే. స్పెయిన్‌లో పుట్టిన గాంబా ఇటలీకి వచ్చి పదహారో శతాబ్దమంతా అక్కడ రాజ్యం చేసింది. కింది స్థాయి నుంచి పైస్థాయి దాకా ఒక్క గాంబాతోనే నాలుగు గొంతుల పాటను చుట్టివచ్చే వయోలా బస్టార్డా అనే వాదన పద్ధతి ఇటలీలోనే వికసించింది. ఆ తర్వాత వయోలిన్ వచ్చి ఇటలీ మనసు దోచుకుంది. ఫ్రెంచ్ గాంబా విద్వాంసుడు ఆంద్రే మోగార్ రోమ్‌కు వెళ్ళి, అక్కడ గాంబాలో పేరున్నవాళ్ళు ఇప్పుడు ఎవరూ లేరని 1639లో రాశాడు.

అంటే అరవై ఏళ్ళ తర్వాత గాంబా మళ్ళీ ఇటలీ వైపు చూసినప్పుడు, తాను ఒకప్పుడు మాట్లాడిన భాషనే వయోలిన్ నోట కొత్తగా వింది. నాకు ఈ కథలో అన్నిటికన్నా ఇష్టమైన సంగతి ఇదే. ఓర్తిజ్ పుస్తకంలోని "రెసెర్కాదా"లు (గాంబా అల్లికల రచనలు) రెండు మూడు విని అప్పుడు ముందుకు రండి.

మూడో అడుగు: ఫోలియా, ఒకే బాస్ మీద రెండు వాయిద్యాలు

ఈ అడుగు మీద రెండు వారాలు పెట్టండి. మొత్తం విషయం ఇక్కడ ఉంది.

ఫోలియా అనేది మూడు లెక్కల నడకలో, ఎనిమిది ఆవర్తాల చొప్పున తిరిగి తిరిగి వచ్చే ఒక బాస్ వరుస. దాని మీద ఎన్ని అల్లికలైనా అల్లుకోవచ్చు. ముందు బాస్ నోటికి రావాలి. "డి"ని స అనుకుని, సాధారణ గాంధారం, కైశికి నిషాదంతో పాడండి. ఒక్కో స్వరానికి ఒక ఆవర్తం, అంటే మూడు లెక్కలు:

స ప స ని, గ ని స ప
స ప స ని, గ ని స-ప స

రెండో వరుసలో ఏడో ఆవర్తంలోనే స, ప రెండూ సర్దుకుని ఎనిమిదోదానిలో స మీద ముగుస్తుంది. చేత్తో మూడు లెక్కలు వేస్తూ, రెండో లెక్క మీద కాస్త ఒరుగుతూ పాడండి. ఫోలియా ఊపు అక్కడే ఉంది. వంట చేస్తూ, బస్సులో వెళ్తూ పాడుకోండి. మూడు రోజుల్లో వచ్చేస్తుంది.

ఇప్పుడు కోరెల్లి ఐదో ఓపస్ పన్నెండో సొనాటా పెట్టండి. బాస్ మీరు లోలోపల పాడుతూ ఉండండి, వయోలిన్ పైన ఏం చేసినా బెదరకండి. కొద్దిసేపటికి ఒక విచిత్రం గమనిస్తారు: వయోలిన్ పరుగెత్తిన వెంటనే, తర్వాతి వంతులో (బాస్ వరుస పూర్తిగా ఒకసారి తిరగడం ఒక వంతు) కింది బాస్ అదే పరుగు అందుకుంటుంది. ఇద్దరూ పోటాపోటీగా ఉంటారు. మన కచేరీలో గాయకుడి స్వరకల్పనకు వయోలిన్ జవాబిచ్చినట్టే.

తర్వాత మరే. అతని 1701 నాటి రెండో సంపుటిలో "కూప్లె ద ఫోలీ" ఉంది, 32 వంతులు. కోరెల్లి పుస్తకం వచ్చిన మరుసటి ఏడే కాబట్టి చూసి రాశాడని అనేస్తుంటారు. ఆ తొందర వద్దు. ఫోలియా పారిస్‌కు కొత్త కాదు: అక్కడి స్వరకర్తల్లో లుల్లీ 1672లోనే దాన్ని వాయిద్య బృందానికి కట్టాడు, దాంగ్లెబేర్ 1689లో హార్ప్సికార్డ్‌కు 22 వంతులు రాశాడు. మరేకు ఈ బాస్ తన ఊరి బాసే.

అయినా రెండింటినీ పక్కపక్కన వినాల్సిందే. ముందు కోరెల్లి మొదటి మూడు నిమిషాలు, వెంటనే మరే మొదటి మూడు నిమిషాలు. ఇలా రోజూ చేయండి. నాకు వినబడిన తేడాలు ఇవి. కోరెల్లి పరుగు ముందుకు తోసుకుంటూ పోతుంది, ప్రతి వంతూ తర్వాతి వంతును పిలుస్తుంది. మరే ఒక్కో వంతునూ ఒక్కో గదిలా కడతాడు. ఒకదానిలో నిండు స్వరాల గుత్తులు, ఒకదానిలో కుంటి నడక, ఇంకోదానిలో ఒంటరి గొంతు. మరే కూడా వేగంగా పరుగెత్తే వంతులు రాశాడు. వాటిలో మెట్లు దిగే పలుకులు, తీగ నుంచి తీగకు దూకడం స్పష్టంగా వినబడతాయి. అక్కడే బోను వినండి. అదే దూకుడు వయోలిన్‌లో నిప్పురవ్వలా చిటపటలాడితే, గాంబాలో ప్రతి స్వరమూ మొదట మెత్తగా తాకి, మధ్యలో నిండి, చివర కాస్త మోగుతూ వదులుతుంది.

నోట్‌బుక్‌లో మరే 32 వంతులకు 32 గీతలు గీసుకోండి. ప్రతి గీత పక్కన ఒక్క మాట: పరుగు, గుత్తి, ఒంటరి, నాట్యం, ఏదైనా. వంతులు లెక్కపెట్టడానికి మీరు నేర్చిన బాసే సాయం చేస్తుంది. దారి తప్పితే స మీదకు రాగానే మళ్ళీ ఎక్కండి.

నాలుగో అడుగు: ఒకే రచనలో ఇద్దరూ

1723లో, 67 ఏళ్ళ వయసులో మరే అచ్చువేసిన "లా సొన్‌రీ ద సెంట్ జనవ్యేవ్ ద్యు మాన్ ద పారి" వినండి. పారిస్‌లోని సెంట్ జనవ్యేవ్ చర్చి గంటల చప్పుడు ఇది. వయోలిన్, గాంబా, హార్ప్సికార్డ్ మాత్రమే. అడుగున మూడు స్వరాలు గంటల్లా తిరుగుతూనే ఉంటాయి: స గ రి, స గ రి. మధ్యలో ఆధార స్వరం మారుతుంది, కానీ గంటల నడక ఆగదు.

ఒకసారి వయోలిన్‌ను మాత్రమే వెంబడించండి. రెండోసారి గాంబాను మాత్రమే. మూడోసారి ఇద్దరూ ఒకే పలుకును ఒకరి తర్వాత ఒకరు అన్న చోట్లు పట్టుకోండి. బో బరువు తేడా ఇంత తేటగా చెప్పే రచన నాకు ఇంకోటి దొరకలేదు. తన సంపుటాల్లో గాంబాను ఒంటరి రాణిలా కూర్చోబెట్టిన మనిషి, చివరి ఏళ్ళలో దాన్ని వయోలిన్ పక్కన సరిసమానంగా నిలబెట్టి పరుగెత్తించాడు.

ఐదో అడుగు: ఫోర్కరే, వయోలిన్‌కు ఎదురు నిలిచిన గాంబా

ఆంట్వాన్ ఫోర్కరే (1672–1745) చిన్నప్పుడే ఫ్రాన్స్ రాజు పద్నాలుగో లూయీ ముందు వాయించినవాడు. మరే దేవదూతలా, ఫోర్కరే దయ్యంలా వాయిస్తారని అప్పట్లో ఒక మాట. ఇటలీ నుంచి వచ్చిన వయోలిన్ విద్వాంసులు చేసేదంతా తన గాంబా మీద చేసి తీరాలని పట్టుబట్టినవాడతను. అతని రచనలను కొడుకు జాన్ బతీస్త్ 1747లో అచ్చువేశాడు. బాస్ తానే కట్టానని, మూడు రచనలు తనవని కొడుకే చెప్పుకున్నాడు.

అందులో "లా లెక్లేర్" వెతికి వినండి. జాన్ మరీ లెక్లేర్ అనే ఫ్రెంచ్ వయోలిన్ విద్వాంసుడి పేరు మీద రాసినది. లెక్లేర్ ట్యూరిన్‌లో సోమిస్ దగ్గర నేర్చుకున్నాడు, సోమిస్ కోరెల్లి శిష్యుడు. గురుపరంపర చూడండి: కోరెల్లి, సోమిస్, లెక్లేర్, ఆ తర్వాత ఈ గాంబా రచన. "చాలా చురుగ్గా, స్వరం స్వరం విడివిడిగా" అని పైన సూచన ఉంది. విడివిడిగా కొట్టడం గాంబా బోకు కష్టమైన పని, దాని స్వభావం ఉబ్బి వదలడం కాబట్టి. ఆ కష్టం వినబడాలి. మరీ నున్నగా వాయించిన రికార్డింగు దొరికితే ఇంకోటి వెతకండి.

తర్వాత అదే పుస్తకం చివర ఉన్న "జుపితేర్" (రోమన్ల పిడుగుల దేవుడి పేరు) వినండి. ఉరుముల కోసం గాంబా మెట్లు దాటి పైకి ఎక్కడం, కింది తీగల మీద విరుచుకుపడడం అందులో ఉన్నాయి.

1740లో ఉబేర్ ల బ్లాన్ అనే రచయిత ఆమ్‌స్టర్‌డామ్‌లో ఒక పుస్తకమే అచ్చువేశాడు, వయోలిన్ దండయాత్రల నుంచి, చెల్లో బడాయిల నుంచి గాంబాను కాపాడాలంటూ. అందులో వయోలిన్‌ను అతను సుల్తాన్ అని పిలుస్తాడు. ఆ కోపం వెనక ఉన్న ప్రేమ నాకు అర్థమవుతుంది. మరేను, ఫోర్కరేను దగ్గరగా విన్న తరం, ఆ వాయిద్యం కచేరీ సభల్లోంచి వెళ్ళిపోవడం చూస్తూ ఉండలేకపోయింది.

ఆరో అడుగు: కోరెల్లి స్వరాలే, గాంబా మీద

పారిస్‌లోని ఫ్రెంచ్ జాతీయ గ్రంథాలయంలో ఒక వ్రాతప్రతి ఉంది. ఎవరు రాశారో పేరు లేదు. కోరెల్లి ఐదో ఓపస్‌ను గాంబాకు మార్చి రాసుకున్నది. ఇది రికార్డింగుల్లో దొరుకుతుంది, "కోరెల్లి ఓపస్ 5 గాంబా" అని వెతకండి.

రెండో అడుగులో మీకు కంఠతా వచ్చిన మొదటి సొనాటానే ఇప్పుడు ఇలా వినండి. స్వరాలు మారకుండా వాయిద్యం మారితే ఏం పోతుంది, ఏం వస్తుంది? పోయేది వయోలిన్ పై తీగ మెరుపు. వచ్చేది నిదాన భాగాల్లో లోతు. అడాజియోలో (నిదాన భాగంలో) గాంబా స్వరం మధ్యలో ఊపిరి తీసుకున్నట్టు ఉబ్బుతుంది, కోరెల్లి గీత మీద మరే నీడ పడినట్టుగా ఉంటుంది. ఫ్రెంచ్ స్వరకర్త ఫ్రాన్స్వా కూపెరెన్ ఇటలీ, ఫ్రాన్స్ రుచులు కలవాలని 1724లో ఒక సంపుటికి ఆ పేరే పెట్టి, కోరెల్లిని సంగీత దేవతల కొండకు ఎక్కించే సొనాటా ఒకటి కూడా రాశాడు. నాలుగేళ్ళ తర్వాత, 1728లో, అతను గాంబాకు రాసిన రెండు సూట్‌లు (నృత్య రచనల వరుసలు) వచ్చాయి. వాటిని ఈ వారమే వినండి. ముఖ్యంగా రెండో సూట్‌లోని "లా పోంప్ ఫ్యునేబ్ర్".

ఏడో అడుగు: జర్మనీ

జర్మన్లకు ఈ గొడవ అంతగా లేదు. వాళ్ళు రెండు వైపుల నుంచీ తీసుకుని తమది కట్టుకున్నారు. ల్యూబెక్‌లో ఆర్గనిస్టుగా ఉన్న బుక్స్‌టెహూడె 1690లలో వయోలిన్, గాంబా, హార్ప్సికార్డ్ కలిపి ఏడేసి సొనాటాల రెండు ఓపస్‌లు అచ్చువేశాడు. ఏదైనా ఒకటి పెట్టుకుని నాలుగో అడుగులోని పద్ధతే పాటించండి. ఇక్కడ గాంబా బాస్‌కు అతుక్కుని ఉండక, పైకి ఎగిరి వయోలిన్‌తో వాదిస్తుంది.

తర్వాత బాహ్. గాంబా, హార్ప్సికార్డ్‌కు అతని సొనాటాలు మూడు, బాహ్ రచనల జాబితాలో 1027, 1028, 1029 నంబర్లతో. 1027ది నిదానం, వేగం, నిదానం, వేగం అనే నాలుగు భాగాల కూర్పు. అది కోరెల్లి చర్చి సొనాటా అచ్చు. ఇదే సంగీతం రెండు ఫ్లూట్‌లకు 1039 నంబరుతో ఉంది. గాంబా వెర్షన్‌లో ఒక ఫ్లూట్ పాట హార్ప్సికార్డ్ కుడి చేతికి వెళ్ళింది, రెండోది ఒక స్థాయి దిగి గాంబాకు వచ్చింది. రెండూ ఒకే రోజు వినండి.

1029 దారి వేరు. వేగం, నిదానం, వేగం అనే మూడు భాగాలు. ఇది ఇటలీ వయోలిన్ విద్వాంసుడు వివాల్డి కాన్చెర్టో (ఒక ముఖ్య వాయిద్యం, బృందం కలిసి వాయించే రచన) అచ్చు. వాయిమార్‌లో ఉన్నప్పుడు బాహ్ వివాల్డి వయోలిన్ కాన్చెర్టోలను కీబోర్డ్‌కు మార్చుకుని లోతుగా చదివాడు. మొదటి భాగంలో మొదట వినబడే గట్టి పలుకును గుర్తుపెట్టుకోండి. మన పల్లవిలా అది మళ్ళీ మళ్ళీ తిరిగి వస్తుంది, ప్రతిసారీ వేరే ఆధారం మీద. ఎన్నిసార్లు వచ్చిందో లెక్కపెట్టండి. బాహ్‌లో ఇటలీని అలా పట్టుకోవాలి.

జర్మన్ స్వరకర్త టెలిమాన్ గురించి ఒక శుభవార్తతో ముగిస్తాను ఈ అడుగు. 1735లో అతను ఒంటరి గాంబాకు 12 ఫాంటసియాలు (స్వేచ్ఛగా ఊహించి అల్లినట్టుండే రచనలు) అచ్చువేశాడు. చాలాకాలం అవి పోయాయనే అనుకున్నారు. 2015లో జర్మనీలోని ఓస్నాబ్రూక్ ఆర్కైవ్‌లో ఒక పాత సేకరణలో బయటపడ్డాయి. అదే 1735లో అతను ఒంటరి వయోలిన్‌కూ 12 ఫాంటసియాలు రాశాడు. ఒకే మనిషి, ఒకే ఏడు, ఒకే రూపం, రెండు వాయిద్యాలు. రోజుకు ఒక జంట చొప్పున పన్నెండు రోజులు వినండి. ఏ స్వరసముదాయం వయోలిన్‌కు రాసి గాంబాకు రాయలేదో, ఏది గాంబాకే ఇచ్చాడో మీకే తెలుస్తుంది.

ఎనిమిదో అడుగు: చివరి వెలుగు

బెర్లిన్ కొలువులో యోహాన్ గోట్లీబ్ గ్రౌన్ అనే వయోలిన్ విద్వాంసుడు ఉండేవాడు. ఇటలీ వయోలిన్ విద్వాంసుడు తార్తీని దగ్గర నేర్చుకున్నవాడు. అతను తన సాటి ఉద్యోగి లూడ్విగ్ క్రిస్టియన్ హెస్సె కోసం గాంబా కాన్చెర్టోలు రాశాడు. హెస్సె తండ్రి పారిస్ వెళ్ళి మరే, ఫోర్కరే ఇద్దరి దగ్గరా నేర్చుకున్నాడు. అంటే ఈ కాన్చెర్టోల్లో తార్తీని వయోలిన్ ఒక చేత్తో, పారిస్ గాంబా ఇంకో చేత్తో కలిశాయి. పరుగులు మొత్తం వయోలిన్‌వే, మొదటిసారి వింటే ఇది గాంబా అని నమ్మడం కష్టం. మొదటి అడుగులో నేర్చిన ఉబ్బే స్వరం కోసం ఆగి వినండి, నిదాన భాగంలో దొరుకుతుంది.

లండన్‌లో కార్ల్ ఫ్రీడ్రిక్ ఆబెల్ 1787లో చనిపోయేదాకా గాంబా వాయించాడు. అతని ఒంటరి గాంబా రచనల వ్రాతప్రతి ఇప్పుడు న్యూయార్క్ పబ్లిక్ లైబ్రరీలో ఉంది. "డి" మైనర్‌లో ఉన్నవి ముందు వినండి.

వాయించాలనుకునేవారికి

వయోలిన్ నేర్చుకుంటున్నవాళ్ళు కొందరు గాంబా వైపు ఆశగా చూస్తారు. ఎడమ చేయి తొందరగా దారిలోకి వస్తుంది, మెట్లు ఉన్నాయి కాబట్టి. ఇబ్బంది పెట్టేది కుడి చేయే. మొదటి నెల ఖాళీ తీగల మీద తోయడం, లాగడం తప్ప ఇంకేమీ చేయకండి. సమం మీద ఎప్పుడూ తోయండి. వయోలిన్ అలవాటు వల్ల చేయి లాగబోతుంది, ప్రతిసారీ ఆగి సరిచేసుకోండి. చెల్లో బోను గాంబా పట్టుతో పట్టుకుని ఇంట్లో సాధన చేయొచ్చు, ఆ పట్టు చేతికి పరిచయం కావడానికి అది చాలు. పేగు తీగలు తేమకు శ్రుతి తప్పుతుంటాయి కాబట్టి సముద్రతీరపు ఊళ్ళలో ఉన్నవాళ్ళు సింథటిక్ తీగలతో మొదలుపెడితే నిరుత్సాహం ఉండదు. నొటేషన్ కావాలంటే ఐఎంఎస్‌ఎల్‌పీ అనే వెబ్‌సైట్‌లో మరే సంపుటాల, కోరెల్లి ఐదో ఓపస్ అచ్చుప్రతులు ఉచితంగా ఉన్నాయి.

చేయి కాస్త కుదిరాక మొదటి పాఠంగా ఫోలియా బాస్ తీసుకోండి. స ప స ని, గ ని స ప. ఒక్కో స్వరాన్ని మూడు లెక్కలూ ఒక్క బోలో పట్టి, మొదట మెత్తగా పుట్టించి, రెండో లెక్క మీద నింపి, మూడో లెక్కలో వదలండి. ఇంకెవరైనా వయోలిన్ మీద కోరెల్లి మొదటి వంతు వాయించగలిగితే, కింద మీరు ఇదే వాయిస్తూ కూర్చోండి.